నెట్‌వర్కింగ్ సాఫ్ట్‌వేర్‌కి సిస్టమ్ టెస్టులు: ఎక్కడ పెట్టాలి, ఏ పేరు పెట్టాలి, ఏ వరసలో రాయాలి

"అన్నా, ప్యాచ్ రెడీ. టెస్ట్ కూడా రాయమన్నారు. ఏ ఫోల్డర్‌లో పెట్టాలి, ఏం పేరు పెట్టాలి?" కూకట్‌పల్లి, గచ్చిబౌలి వైపు నుంచి కొత్తగా ఓపెన్ సోర్స్‌లోకి వస్తున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కోడ్ గురించి అడిగేవాళ్లు తక్కువ. టెస్ట్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. దీన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు మరి. పక్కనున్న ఫోల్డర్‌ని కాపీ చేసి, పేరు చివర 2 అని తగిలించేస్తారు. ఆరు నెలల తర్వాత అది ఫెయిలైతే, దేని గురించి రాశారో రాసినవాళ్లకే గుర్తుండదు.

ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌నీ (డొమైన్ పేరుకి అడ్రస్ చెప్పేది), ఒక రూటింగ్ డెమన్‌నీ (వెనకాల నడుస్తూ రూట్లు చూసుకునే ప్రోగ్రామ్) ఉదాహరణగా పెట్టుకుని మొత్తం పద్ధతి చెబుతాను. ఫైర్‌వాల్ అయినా, వీపీఎన్ అయినా, డీహెచ్‌సీపీ అయినా దారి ఇదే. ఫైల్ పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను కానీ, మీ రిపోలో అవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి.

## 1. ముందు తేల్చుకోండి: ఇది సిస్టమ్ టెస్టేనా?

సిస్టమ్ టెస్ట్ అంటే అసలు ప్రోగ్రామ్‌నే నడిపి, నిజమైన ప్యాకెట్లు పంపి, బయట నిలబడి ఏం జరిగిందో చూడటం. లోపలి ఫంక్షన్‌ని పిలిచి చూసేది యూనిట్ టెస్ట్.

డొమైన్ పేరు 255 బైట్లు దాటితే పార్సర్ తిప్పికొట్టాలి. దీనికి యూనిట్ టెస్ట్ చాలు, రెప్పపాటులో అయిపోతుంది. ప్రైమరీ సర్వర్‌లో జోన్ (ఒక డొమైన్ రికార్డుల జాబితా) మారితే, దాని కాపీ ఉంచుకునే సెకండరీకి కొత్త సీరియల్ నంబర్ చేరాలి. దీనికి రెండు సర్వర్లు నిజంగా నడవాలి, కాబట్టి సిస్టమ్ టెస్ట్.

ఈ మూడింటిలో ఒక్కదానికైనా అవునంటేనే ముందుకు వెళ్లండి:

- రెండు ప్రాసెస్‌లు నెట్‌వర్క్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలా?
- కెర్నల్ చేతిలో ఉన్న పని ఏదైనా ఉందా? (ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పే రూట్ టేబుల్, సాకెట్, ఇంటర్‌ఫేస్ లేవడం పడటం)
- రీస్టార్ట్, రీలోడ్, కాన్ఫిగ్ మార్పు తర్వాతి ప్రవర్తన చూడాలా?

మూడింటికీ కాదంటే యూనిట్ టెస్ట్ రాసి పంపండి. రివ్యూ చేసేవాళ్లు సంతోషిస్తారు, సీఐ (ప్రతి మార్పుకీ టెస్టులన్నీ తనంతట తానే నడిపే ఏర్పాటు) కూడా త్వరగా పూర్తవుతుంది.

## 2. ప్రాజెక్టులో ఇప్పటికే ఉన్న పద్ధతి చదవండి

చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో వంటింటి డబ్బాలు మనం సర్దకూడదు. మీకు నచ్చినా నచ్చకపోయినా ఆ ప్రాజెక్టు అలవాటే ముందు. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

బైండ్ 9 అనే డీఎన్‌ఎస్ సర్వర్‌లో ఒక్కో విషయానికి ఒక్కో డైరెక్టరీ. అందులో సర్వర్లకి ఎన్‌ఎస్1, ఎన్‌ఎస్2 అని ఫోల్డర్లు. ఎన్‌ఎస్1 అడ్రస్ 10.53.0.1, ఎన్‌ఎస్2ది 10.53.0.2. లాగ్‌లో అడ్రస్ చివరి అంకె చూస్తే చాలు, ఏ ఫోల్డర్ తెరవాలో తెలిసిపోతుంది. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు ఇది.

ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్ టోపోటెస్టుల్లో ఒక్కో డైరెక్టరీకి ఒక టోపాలజీ (ఏది దేనికి కలిసిందో ఆ అమరిక), లోపల ఆర్1, ఆర్2 అని రూటర్ల వారీగా కాన్ఫిగ్. ఓపెన్ వీస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్‌లో ఫోల్డర్లు కాదు, ఆటోటెస్ట్ ఫైళ్లు. ఒకే ఫైల్‌లో ఎన్నో టెస్టులు, ఒక్కోదానికి ఒక శీర్షిక. అక్కడ పేరు పెట్టడమంటే ఆ శీర్షిక రాయడమే.

మీ విషయానికి దగ్గరగా ఉన్న పాత టెస్టులు మూడు తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఒక్కటే చదివితే, పొరపాటున అరిగిపోయిన పాత పద్ధతిదే చేతికి దొరకొచ్చు. మూడింటిలో ఉమ్మడిగా కనిపించేదే ఆ ప్రాజెక్టు పద్ధతి.

## 3. మీ ల్యాప్‌టాప్‌ని సిద్ధం చేసుకోండి

అమీర్‌పేట హాస్టల్‌లో ఉండే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. టెస్ట్ నడిపిన ప్రతిసారీ వైఫై పోతోందట. డెమన్‌లో బగ్ అనుకుని రెండు రోజులు కోడ్‌లో వెతికాడు. స్క్రీన్ షేర్ చేయించి రూట్ టేబుల్ చూశాం. అతని టెస్ట్ 192.168.1.0/24 వాడుతోంది. హాస్టల్ వైఫైదీ అదే నెట్‌వర్క్. వైఫై రూట్ మెట్రిక్ 600, డెమన్ ఎక్కించిన రూట్ మెట్రిక్ 20. చిన్న మెట్రిక్‌దే గెలుపు, కాబట్టి హాస్టల్ రూటర్‌కి వెళ్లాల్సిన ప్యాకెట్లన్నీ డమ్మీ ఇంటర్‌ఫేస్‌లోకి పోతున్నాయి. డెమన్ తన పని తాను సరిగ్గానే చేసింది. టెస్టే మెషిన్ అసలు నెట్‌వర్క్‌లో చెయ్యి పెట్టింది.

రెండు జాగ్రత్తలు తీసుకుంటే ఇది జరగదు.

మొదటిది నెట్‌వర్క్ నేమ్‌స్పేస్, అంటే సొంత ఇంటర్‌ఫేస్‌లు, సొంత రూట్ టేబుల్ ఉన్న విడి గది. లినక్స్‌లో ప్రతి నోడ్‌కీ (టెస్ట్‌లోని ఒక్కో సర్వర్ లేదా రూటర్‌కి) ఒక నేమ్‌స్పేస్ సృష్టించి, వాటి మధ్య వీత్ జతలతో (రెండు కొసలున్న వర్చువల్ తీగలు) తీగలు లాగండి. టెస్ట్ లోపల ఏం చేసినా బయట రూట్ టేబుల్ కదలదు. అడ్మిన్ (రూట్ యూజర్) అధికారం లేకుండా చేయాలంటే అన్‌షేర్ కమాండ్‌తో యూజర్ నేమ్‌స్పేస్ తెరవొచ్చు. ఉబుంటు 24.04లో యాప్‌ఆర్మర్ దీన్ని మామూలుగా అడ్డుకుంటుంది, అక్కడ సుడో వాడాల్సి రావచ్చు.

రెండోది అడ్రస్‌లు. ఉదాహరణల కోసమే విడిగా కేటాయించిన బ్లాకులున్నాయి: ఆర్‌ఎఫ్‌సీ 5737 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) ప్రకారం 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24. ఐపీవీ6కి 2001:డీబీ8 తో మొదలయ్యే /32 బ్లాక్. డొమైన్ పేర్లకి ఆర్‌ఎఫ్‌సీ 2606 కేటాయించిన డాట్ టెస్ట్, డాట్ ఎగ్జాంపుల్, డాట్ ఇన్‌వాలిడ్. ఇంటర్నెట్‌లో నిజంగా ఉన్న డొమైన్‌ని టెస్ట్‌లో ఎప్పుడూ పెట్టకండి. ఏదో ఒక రోజు దాని యజమాని రికార్డు మారుస్తాడు, మీ టెస్ట్ పడిపోతుంది.

చెక్‌లిస్ట్:

- ప్రతి నోడ్‌కీ సొంత నేమ్‌స్పేస్ ఉంది.
- కొత్త నేమ్‌స్పేస్‌లో లూప్‌బ్యాక్ పడుకునే ఉంటుంది, దాన్ని లేపాను. (127.0.0.1కి పింగ్ కూడా పోకపోవడానికి సగం సార్లు కారణం ఇదే.)
- బయటి ఇంటర్నెట్ తీగ పీకేసినా టెస్ట్ నడుస్తుంది.
- పిడ్ ఫైల్ (డెమన్ తన ప్రాసెస్ నంబర్ రాసుకునేది), సాకెట్ ఫైల్, లాగ్ అన్నీ ఈ టెస్ట్ సొంత తాత్కాలిక ఫోల్డర్‌లోనే ఉన్నాయి.

ఆ చివరిది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ వేరైనంత మాత్రాన ఫైళ్లు వేరు కావు. రెండు డెమన్లు ఒకే పిడ్ ఫైల్‌లో రాస్తే, ఒక టెస్ట్ ముగించబోయి ఇంకో టెస్ట్ డెమన్‌ని చంపేస్తుంది.

## 4. డైరెక్టరీలు: ప్రవర్తనను బట్టి విడదీయండి

రిలీజ్‌ని బట్టి విడదీస్తే రెండు రిలీజ్‌ల తర్వాత అర్థం పోతుంది. బగ్ నంబర్‌ని బట్టి విడదీస్తే ఒకే ఫీచర్ టెస్టులు ఇరవై చోట్ల చెల్లాచెదురవుతాయి. రాసినవాళ్ల పేరు మీద విడదీసిన రిపో కూడా చూశాను. ఆ మనిషి వెళ్లిపోయాక ఆ ఫోల్డర్‌ని ముట్టుకోవడానికి అందరికీ భయమే.

యూజర్‌కి కనిపించే ప్రవర్తనే చాలాకాలం మారకుండా నిలుస్తుంది. దాన్నే పట్టుకోండి. చెట్టు ఇలా ఉంటే చాలు:

సిస్టమ్_టెస్ట్స్/
— కామన్/
— జోన్_ట్రాన్స్‌ఫర్/
—— రీడ్‌మీ
—— ప్రైమరీ/ (కాన్ఫిగ్, జోన్ ఫైల్)
—— సెకండరీ/ (కాన్ఫిగ్)
—— టెస్ట్_జోన్_ట్రాన్స్‌ఫర్.పీవై
— క్యాష్_ఎక్స్‌పైరీ/
— డీఎన్‌సెక్_వ్యాలిడేషన్/ (డీఎన్‌ఎస్ రికార్డుల డిజిటల్ సంతకాలు సరిచూడటం)

ఒక డైరెక్టరీలో ఒకే టోపాలజీ ఉండాలి. రెండు సర్వర్లతో నడిచే టెస్టులు, నాలుగు సర్వర్లు కావాల్సిన టెస్టులు ఒకే చోట కలిపేస్తే, ప్రతిసారీ అవసరం లేని సర్వర్లు లేపాల్సి వస్తుంది. లోతు రెండు మెట్లు దాటనివ్వకండి.

నోడ్ల ఫోల్డర్లకి ఆ నోడ్ చేసే పనినే పేరుగా పెట్టండి: ప్రైమరీ, సెకండరీ, రిసాల్వర్. ప్రాజెక్టు అలవాటు ఎన్‌ఎస్1, ఆర్1 అయితే అదే వాడి, ఎవరు ఏ పాత్రో రీడ్‌మీలో రాయండి. ఆ రీడ్‌మీకి ఐదు వరసలు చాలు: నోడ్లు ఎన్ని, ఏది దేనికి కలిసింది, అడ్రస్‌లు, ఈ డైరెక్టరీలో ఏం చూస్తాం, ఏం చూడం. ఆ 'ఏం చూడం' అన్న వరస తప్పకుండా రాయండి. కొత్తవాళ్లు తమ టెస్ట్ ఇక్కడ పెట్టాలా వద్దా అని తేల్చుకునేది దాన్ని చూసే.

కామన్ ఫోల్డర్‌తో జాగ్రత్త. డెమన్ లేపడం, ఆపడం, వేచి చూడటం లాంటి పనిముట్లు మాత్రమే అందులో ఉండాలి. కాన్ఫిగ్‌లు, ఆశించే జవాబులు అందులో పెట్టకండి. ఒకరు తమ టెస్ట్ కోసం అక్కడ ఒక వరస మారిస్తే, ఊళ్లో ఉన్న టెస్టులన్నీ కదులుతాయి. కోడ్‌లో కాపీ చేయడం తప్పంటాం కదా, టెస్ట్ కాన్ఫిగ్‌లో మాత్రం అది తప్పు కాదు. ఒక డైరెక్టరీ తెరిస్తే కథంతా అక్కడే కనిపించాలి.

## 5. పేరు: ఒక 'తే', ఒక 'ఆలి'

అసలు పని ఇక్కడుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఒకటే: కోడ్ పక్కన పెట్టండి, మీ టెస్ట్ ఏమిటో తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పండి.

"పక్క రూటర్ పడిపోతే, దాని దగ్గర నేర్చుకున్న రూట్లు తీసేయాలి."

ఈ వాక్యంలో ఒక 'తే' ఉంది, ఒక 'ఆలి' ఉంది. 'తే' దాకా ఉన్నది సందర్భం. 'ఆలి' దగ్గర ఉన్నది ఫలితం. ముందు ప్రోటోకాల్, తర్వాత సందర్భం, ఆపైన ఫలితం. ఈ మూడూ అదే వరసలో పెడితే పేరు తయారు:

బీజీపీ_పీర్_డౌన్_విత్‌డ్రాస్_రూట్స్

(బీజీపీ అంటే రూటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ప్రోటోకాల్. పీర్ అంటే పక్క రూటర్.)

ఇప్పుడు ఇంకో వాక్యం చూడండి. "పక్క రూటర్ పడిపోతే రూట్లు తీసేయాలి, మళ్లీ లేస్తే తిరిగి నేర్చుకోవాలి." రెండు 'తే'లు, రెండు 'ఆలి'లు. అంటే రెండు టెస్టులు. డైరెక్టరీ ఒకటే, టోపాలజీ ఒకటే, ఫంక్షన్లు మాత్రం రెండు. కలిపి రాస్తే మొదటి సగం ఫెయిలైనప్పుడు రెండో సగం పని చేస్తోందో లేదో ఎవరికీ తెలియదు.

"జోన్ ట్రాన్స్‌ఫర్ చెక్ చేయడం" అని చెప్పారనుకోండి. 'తే' లేదు, 'ఆలి' లేదు. అది ఇంకా టెస్ట్ కాలేదు, ఆలోచన దగ్గరే ఉంది. వాక్యం కుదిరేదాకా కీబోర్డ్ ముట్టుకోకండి.

### 'పడిపోతే' అంటే ఎలా పడిపోతే?

వాక్యం కుదిరాక సందర్భాన్ని ఇంకోసారి గట్టిగా ప్రశ్నించండి. పైన పీర్ డౌన్ అని రాశాను. రూటర్ పడిపోవడం ఒక్కలా ఉండదు.

పక్క నోడ్‌లో డెమన్ ప్రాసెస్‌ని చంపితే, అక్కడి కెర్నల్ టీసీపీ కనెక్షన్‌ని మూసేస్తుంది. మన డెమన్‌కి వెంటనే తెలిసిపోతుంది. ప్రాసెస్ బతికే ఉండి, మధ్యలో ప్యాకెట్లు మాత్రం మౌనంగా మాయమైతే, హోల్డ్ టైమర్ (పక్కవాడి కబురు కోసం ఎంతసేపు ఆగాలో ఆ గడువు) అయిపోయేదాకా మన డెమన్‌కి ఏమీ తెలియదు. ఎఫ్‌ఆర్‌ఆర్ మామూలు సెట్టింగ్‌లో అది 180 సెకన్లు. రెండు సందర్భాల్లో నడిచే కోడే వేరు.

కాబట్టి పేర్లూ వేరు: బీజీపీ_పీర్_కిల్డ్_విత్‌డ్రాస్_రూట్స్ ఒకటి, బీజీపీ_హోల్డ్‌టైమర్_ఎక్స్‌పైరీ_విత్‌డ్రాస్_రూట్స్ ఇంకొకటి. రెండో దానికి మూడు నిమిషాలు కూర్చోనక్కర్లేదు. కాన్ఫిగ్‌లో కీప్‌అలైవ్ ('బతికే ఉన్నా' అని పంపే కబురు) 1, హోల్డ్ 3 పెట్టండి. సున్నా కాకపోతే హోల్డ్ టైమ్ కనీసం 3 సెకన్లు ఉండాలని బీజీపీ ప్రమాణమే చెబుతోంది. ఇంకో చిక్కు కూడా ఉంది: వీత్ జతలో ఒక కొసని డౌన్ చేస్తే రెండో కొసలో లింక్ సంకేతం (క్యారియర్) కూడా పోతుంది, డెమన్ వెంటనే పసిగట్టేస్తుంది. మౌనంగా పోవడాన్ని చూడాలంటే, కావాలని ప్యాకెట్లు పోగొట్టే లినక్స్ పనిముట్టు టీసీ నెటెమ్‌తో 100 శాతం లాస్ పెట్టండి.

పేరు సరిగ్గా పెట్టబోతే టెస్ట్‌లో లోపం బయటపడటం చాలాసార్లు చూశాను. అందుకే పేరు ముందు, కోడ్ తర్వాత.

### 'కూడదు' అనే టెస్టులు

"సంతకం తప్పయితే జవాబు ఇవ్వకూడదు." వాక్యం బాగానే ఉంది. కానీ సర్వర్ అసలు లేవకపోయినా ఈ టెస్ట్ పాసవుతుంది, జవాబు రాలేదు కాబట్టి. 'కూడదు'ని ఎప్పుడూ కళ్లకు కనిపించే ఫలితంగా మార్చండి: డీఎన్‌సెక్_బ్యాడ్_సిగ్నేచర్_రిటర్న్స్_సర్వ్‌ఫెయిల్ (సర్వ్‌ఫెయిల్ అంటే సర్వర్ తిరిగి పంపే తప్పు కోడ్). అదే టెస్ట్‌లో ముందుగా సరైన సంతకమున్న పేరు ఒకటి అడిగి, జవాబు వస్తోందని చూసుకోండి.

### నంబర్లు

మన హైదరాబాద్ ఇంటి నంబర్లే చూడండి. మధ్యలో కొత్త ఇల్లు లేచినప్పుడల్లా పాత నంబర్ పక్కన ఒక గీత, దాని పక్కన ఏ, బీ. నంబర్ మొత్తం సరిగ్గా రాసినా కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "ల్యాండ్‌మార్క్ చెప్పండి సార్" అంటాడు. టెస్ట్17, టెస్ట్17బీ కూడా అంతే. నంబర్ ఉంది, ఇల్లు దొరకదు. టెస్ట్‌కి పేరే ల్యాండ్‌మార్క్ కావాలి.

వరస నంబర్ పెట్టడం ప్రాజెక్టు నియమమైతే పెట్టండి, దాని వెనక మాటలు కూడా పెట్టండి. సిస్టమ్‌డీలో టెస్ట్-04-జర్నల్ అన్నట్టు రెండూ ఉంటాయి. బగ్ నంబర్‌కి సరైన చోటు టెస్ట్ లోపలి వివరణ, కమిట్ మెసేజ్. పేరులోకి రావాల్సిందేనని ప్రాజెక్టు అంటే, నంబర్ తర్వాత ప్రవర్తనని కూడా రాయండి.

### కొన్ని మార్పులు, పక్కపక్కన

- టెస్ట్_ఫిక్స్ → క్యాష్_టీటీఎల్_జీరో_ఆస్క్స్_అప్‌స్ట్రీమ్_ఎగైన్ (టీటీఎల్: జవాబు క్యాష్‌లో ఉండే గడువు)
- ఏఎక్స్‌ఎఫ్‌ఆర్2 → ఏఎక్స్‌ఎఫ్‌ఆర్_రాంగ్_కీ_రిఫ్యూజ్డ్ (ఏఎక్స్‌ఎఫ్‌ఆర్: జోన్ మొత్తం ట్రాన్స్‌ఫర్ చేయడం)
- ఓఎస్‌పీఎఫ్_మిస్క్ → ఓఎస్‌పీఎఫ్_ఎంటీయూ_మిస్‌మ్యాచ్_స్టేస్_ఇన్_ఎక్స్‌స్టార్ట్ (ఓఎస్‌పీఎఫ్: ఇంకో రూటింగ్ ప్రోటోకాల్; ఎంటీయూ: ప్యాకెట్ గరిష్ఠ సైజు)
- రీలోడ్_వర్క్స్ → రీలోడ్_బ్యాడ్_కాన్ఫిగ్_కీప్స్_ఓల్డ్_జోన్స్

'వర్క్స్', 'బేసిక్', 'మిస్క్', 'న్యూ', 'ఫైనల్' అనే మాటలు పేరులో కనిపిస్తే ఆగండి. 'న్యూ' అన్నది వచ్చే ఏడాదికి పాతదైపోతుంది.

### పొడవు, అక్షరాలు

లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు మించకూడదు. టెస్ట్ పేరు నుంచి ఇంటర్‌ఫేస్ పేరు తయారుచేసే స్క్రిప్టులు ఇక్కడే పడతాయి. యూనిక్స్ సాకెట్ ఫైల్ దారికి 108 బైట్ల హద్దు. లోతైన ఫోల్డర్లు, పొడుగు పేర్లు కలిస్తే, ఇంట్లో నడిచిన టెస్ట్ సీఐలో సాకెట్ తెరవలేక ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ వర్క్‌స్పేస్ దారి ఇంకా పొడుగు. డైరెక్టరీ పేరు 30 అక్షరాల లోపు ఉంచండి, వివరమంతా ఫంక్షన్ పేరులో పెట్టండి.

పైథాన్ ఫైళ్లకి హైఫన్ వద్దు, అండర్‌స్కోర్ వాడండి. హైఫన్ ఉన్న ఫైల్‌ని మామూలుగా ఇంపోర్ట్ చేయలేం. పెద్ద చిన్న అక్షరాల తేడాతో మాత్రమే వేరయ్యే రెండు పేర్లు పెట్టకండి. మ్యాక్ వాడేవాళ్ల దగ్గర మామూలుగా ఆ రెండూ ఒకటైపోతాయి.

పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ వాడుతుంటే ఇంకో గొడవ ఉంది. రెండు డైరెక్టరీల్లో టెస్ట్_మెయిన్.పీవై అని ఒకే పేరు పెట్టి, ఇనిట్ ఫైళ్లు లేకుండా మామూలు సెట్టింగ్‌లో నడిపితే, ఇంపోర్ట్ మిస్‌మ్యాచ్ అంటూ ఆగిపోతుంది. ఫైల్ పేరులోనే డైరెక్టరీ పేరు కలపండి, ఆ టెన్షన్ ఉండదు.

## 6. టెస్ట్ లోపల అడుగుల వరస

1. నేమ్‌స్పేస్‌లు, తీగలు, అడ్రస్‌లు ఏర్పాటు చేయండి.
2. డెమన్లు లేపండి.
3. అవి సిద్ధమయ్యేదాకా వేచి చూడండి.
4. మొదట ఉన్న స్థితి సరిగ్గా ఉందని నిర్ధారించుకోండి. రూట్ తీసేయడం చూసే ముందు ఆ రూట్ ఉందని చూడాలి.
5. సందర్భం సృష్టించండి. మీ 'తే' ఇదే.
6. ఫలితం చూడండి. మీ 'ఆలి' ఇదే.
7. లాగ్‌లు, ప్యాకెట్ క్యాప్చర్ దాచండి.
8. అన్నీ ఆపి శుభ్రం చేయండి. టెస్ట్ ఫెయిలైనా ఈ అడుగు తప్పకూడదు.

ఎక్కువ మంది తడబడేది మూడో అడుగు దగ్గర. స్లీప్ 5 (ఐదు సెకన్లు ఊరికే ఆగు) అని పెడతారు. మీ ల్యాప్‌టాప్‌లో చాలుతుంది, సీఐ మెషిన్ బిజీగా ఉన్న రోజు చాలదు. అప్పుడు స్లీప్ 10 చేస్తారు. ఇలా పెంచుకుంటూ పోతే టెస్టులన్నీ గంటలు పడతాయి, అయినా అప్పుడప్పుడు ఫెయిలవుతూనే ఉంటాయి. నిద్రపోకండి, అడుగుతూ ఉండండి: ప్రతి 200 మిల్లీసెకన్లకి ఒకసారి చూడటం, గరిష్ఠంగా 30 సెకన్లు. సిద్ధమైతే వెంటనే ముందుకు, 30 దాటితే ఏది సిద్ధం కాలేదో చెప్పి ఫెయిల్.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. ఐపీవీ6 టెస్ట్ పదిసార్లలో ఏడుసార్లు పాస్, మూడుసార్లు ఫెయిల్. లాగ్‌లో డెమన్ 'ఆ అడ్రస్ కేటాయించలేం' అని చెప్పి ఆగిపోయింది. అడ్రస్ మాత్రం ఇంటర్‌ఫేస్ మీద కనిపిస్తోంది. దాని పక్కన 'టెంటేటివ్' అన్న చిన్న మాట ఉంది చూడండి, మొత్తం విషయం అదే. కొత్త ఐపీవీ6 అడ్రస్ పెట్టగానే, అదే అడ్రస్ ఇంకెవరి దగ్గరైనా ఉందా అని కెర్నల్ ముందు వాకబు చేస్తుంది. అందుకు సుమారు ఒక సెకను పడుతుంది. ఆలోగా డెమన్ ఆ అడ్రస్ మీద సాకెట్ తెరవబోతే కుదరదు. అడ్రస్ పెట్టే కమాండ్ చివర 'నోడాడ్' అని చేర్చండి, లేదా టెంటేటివ్ పోయేదాకా అడుగుతూ ఉండండి. స్లీప్ 2 పెట్టినా ఆ రోజుకి గడిచేది కానీ, కారణం అలాగే మిగిలిపోయేది.

## 7. స్కిప్, ఫెయిల్: రెండూ వేరుగా చెప్పండి

కెర్నల్‌లో కావాల్సిన మాడ్యూల్ లేకపోతే అది ఫెయిల్ కాదు, స్కిప్. ఆటోమేక్ వాడే ప్రాజెక్టుల్లో స్కిప్‌కి ఎగ్జిట్ కోడ్ 77, లినక్స్ కెర్నల్ సెల్ఫ్‌టెస్టుల్లో 4. కారణం కూడా ఒక వరసలో రాయండి. ఏ అవసరం లేదో అదొక్కటే చూసి స్కిప్ చేయాలి. ఏ తప్పొచ్చినా స్కిప్ అని రాస్తే, నిజమైన బగ్ ఏడాదిపాటు దాని చాటున దాక్కుంటుంది.

ఫెయిల్ మెసేజ్‌లో మూడు ఉండాలి: ఏ నోడ్, ఏం ఆశించాం, ఏం వచ్చింది. "సెకండరీలో సీరియల్ 2 రావాలి, 30 సెకన్ల తర్వాత కూడా 1 ఉంది." ఇది చదివినవాళ్లు నేరుగా సెకండరీ లాగ్ తెరుస్తారు. ప్యాకెట్ క్యాప్చర్‌ని నోడ్‌కి ఒక ఫైల్‌గా తీసి, టెస్ట్ పేరు, నోడ్ పేరు కలిపి పెట్టండి. పాసైతే చెరిపేయండి, ఫెయిలైతే ఉంచండి.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

విడిగా నడిపితే పాస్, అన్నీ కలిపి నడిపితే ఫెయిల్. ముందు నడిచిన టెస్ట్ ఏదో వదిలేసి వెళ్లింది. మిగిలిపోయిన నేమ్‌స్పేస్‌లు, ప్రాసెస్‌లు జాబితా తీసి చూడండి. టెస్టుల వరస తిరగేసి నడిపితే దోషి త్వరగా దొరుకుతుంది.

ఒక్కొక్కటిగా పాస్, సమాంతరంగా నడిపితే ఫెయిల్. ఉమ్మడి ఫైల్ ఏదో ఉంది, లేదా నేమ్‌స్పేస్ పేరు రెండు టెస్టుల్లో ఒకటే ఉంది. నేమ్‌స్పేస్ పేరుకి ప్రాసెస్ నంబర్ కలపండి.

నేమ్‌స్పేస్ లేకుండా లూప్‌బ్యాక్ మీద పోర్టులతో నడిపే పాత టెస్టుల్లో 'అడ్రస్ వాడుకలో ఉంది' అన్న తప్పు. లినక్స్ మామూలుగా 32768 నుంచి 60999 దాకా పోర్టుల్ని బయటికి వెళ్లే కనెక్షన్లకి ఇస్తుంది. మీ సర్వర్ పోర్టు ఆ హద్దులో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఢీకొంటుంది. దాని కింది పోర్టు తీసుకోండి.

బగ్ సరిచేయకముందు కూడా టెస్ట్ పాస్. ఇది అన్నిటికన్నా ప్రమాదం. మీ ప్యాచ్ తీసేసి టెస్ట్ ఒక్కటే నడపండి, ఫెయిల్ కావాలి. ఫెయిల్ కాకపోతే ఆ టెస్ట్ దేన్నీ కాపాడటం లేదు. ప్రతి ప్యాచ్‌కీ ఈ పని చేయండి, రివ్యూ రాసేటప్పుడు "ఫిక్స్ లేకుండా ఫెయిలైంది, ఫిక్స్‌తో పాసైంది" అని చెప్పండి.

## 9. పాత పేర్లు మార్చాలంటే

ముందు మెయింటెయినర్లని అడగండి. వాళ్లు సరే అంటేనే.

పేరు మార్పు ఒక కమిట్, లోపలి మార్పు ఇంకో కమిట్. గిట్ పేరు మార్పుని గుర్తుపట్టేది ఫైల్ పోలికని బట్టే. రెండూ ఒకే కమిట్‌లో కలిపితే, లోపలి మార్పు ఎక్కువైనప్పుడు పాత ఫైల్ పోయి కొత్తది వచ్చినట్టు కనిపిస్తుంది, చరిత్ర తెగిపోతుంది. ఒకేసారి అన్నీ మార్చకుండా డైరెక్టరీ తర్వాత డైరెక్టరీ మార్చండి. ఇతరుల ప్యాచ్‌లు పెండింగ్‌లో ఉన్న డైరెక్టరీని చివరికి వదలండి.

పాత పేరు ఇంకెక్కడ ఉందో రిపో అంతా వెతకండి: సీఐ ఫైళ్లు, స్కిప్ జాబితాలు, డాక్యుమెంట్లు. స్కిప్ జాబితాలో పాత పేరు మిగిలిపోతే, ఆపేసిన టెస్ట్ కొత్త పేరుతో లేచి అందరి బిల్డ్‌లూ ఆపుతుంది.

## 10. పంపే ముందు

- తెలుగు వాక్యంలో ఒక 'తే', ఒక 'ఆలి' ఉన్నాయి. పేరు దానికి సరిపోయింది.
- ఈ ప్రాజెక్టు తెలియని స్నేహితుడికి పేరు ఒక్కటే చూపిస్తే, ఏం విరిగిందో చెప్పగలిగాడు.
- నోడ్ల పాత్రలు, తీగలు రీడ్‌మీలో ఉన్నాయి.
- నిజమైన డొమైన్, ఇంటి నెట్‌వర్క్ అడ్రస్ ఎక్కడా లేవు.
- స్లీప్ లేదు. ఉంటే ఎందుకో పక్కనే కామెంట్ ఉంది.
- వరసగా 50 సార్లు, సమాంతరంగా నాలుగు కాపీలు నడిపాను.
- మధ్యలో కంట్రోల్-సీ కొట్టాను. నేమ్‌స్పేస్‌లు, ప్రాసెస్‌లు ఏవీ మిగల్లేదు.
- ఫిక్స్ తీసేసి నడిపాను, ఫెయిలైంది. ఆ ఫెయిల్ మెసేజ్ చదివితే కారణం అర్థమవుతోంది.